పోకువా కుడిచెయ్యి

అరటికాయకి నిలువునా గాటు పెట్టి, ఆ గాట్లోకి బొటనవేలు దూర్చి ఒక్క లాగు లాగితే తొక్క మొత్తం ఊడి వచ్చేయాలి. పోకువాకి అది ఊహ తెలిసినప్పటి నుంచీ వచ్చిన పని. ఈ వేళ బొటనవేలు గాటు దాకా వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. దూరు, దూరు అని ఆమె లోపల్నుంచి చెబుతూనే ఉంది. అది విన్నట్టే విని, కాసేపు ఆలోచించుకుని, అప్పుడు దూరింది. ఈలోగా కాయ జారి పొయ్యి ముందు బూడిదలో పడింది.

ఆమె గబుక్కున చుట్టూ చూసింది. పాక వెనక ఇంకా ఎవరూ లేరు. పొయ్యి మీద పెద్ద డేగిసాలో కర్రపెండలం కుతకుతలాడుతోంది. లారీల అడ్డా వైపు నుంచి మొదటి వ్యాను వాడు ఎక్కేవాళ్ళ కోసం కుమాసి, కుమాసి అని గొంతు చించుకుంటున్నాడు. ఆమె కాయని తీసి కొంగుగుడ్డకి తుడిచి, మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, చేతి బరువంతా దాని మీద వేసి తొక్కని కిందికి ఈడ్చింది. పని అయింది. కానీ కాయని కాళ్ళ సందున పెట్టుకుని ఒలవడం పాలపళ్ళు ఊడని పిల్లలు చేసే పని. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని ఆమెకి మెడ వెనక చెమట పట్టింది.

పొట్టి మనిషి, లావు మనిషి. ఒంటికి ఒక వదులు రవిక, నడుముకి చుట్టుకున్న రెండు గుడ్డలు, నెరిసిన జుట్టు కనపడకుండా తలగుడ్డ. ఆమెలో చూడాల్సింది కుడిచెయ్యే. ముంజేయి మగవాడి ముంజేతిలా గట్టిగా బిగిసి ఉంటుంది. వేళ్ళు మాత్రం పొద్దస్తమానం నీళ్ళలోనూ పిండిలోనూ నాని, ముడతలు పడి, చంటిపిల్ల వేళ్ళంత మెత్తగా ఉంటాయి. చూపుడువేలి గోరూ, మధ్యవేలి గోరూ నల్లబడి ఉన్నాయి. ఆ రెండు గోళ్ళనీ ఆమె ఈ మధ్య ఎవరికీ కనపడనివ్వడం లేదు.

దుఫీ అమ్మ పూటకూళ్ళ పాకలో పోకువా చేసే పని ఫుఫు తిప్పడం. ఉడికిన కర్రపెండలాన్నీ అరటికాయనీ పెద్ద చెక్క రోట్లో వేసి, ఒకరు నిలబడి రెండు నిలువుల రోకలితో దంచుతారు. ఇంకొకరు రోలు పక్కన పీట మీద కూర్చుని, రోకలి పైకి లేచినప్పుడల్లా రోట్లో చెయ్యి పెట్టి, ముద్దని మడిచి, తడిపి, తిప్పి, రోకలి దిగేలోగా చెయ్యి తీసేస్తారు. రోట్లో తలపెట్టి రోకటిపోటుకి వెరవకూడదంటారు. పోకువా ముప్పయ్యేళ్ళ పైనుంచి అందులో పెట్టింది చెయ్యి. వెరపన్నది ఎప్పుడూ ఎరగదు.

దంచేవాడు అంపొన్సా. తలుపుచట్రం దగ్గర వంగితే గాని లోపలికి రాలేడు, అంత పొడుగు. ఆ పొద్దున కూడా వంగి వచ్చాడు. రోకలిని గోడకి ఆనించి, పోకువా వైపు చూసి తల ఊపి, నేరుగా దుఫీ అమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ నడుముకి తాళాలగుత్తి కట్టుకుని పులుసుకుండలో గరిటె తిప్పుతోంది. అతను ఇంకొంచెం వంగి ఆవిడ మొహం దగ్గర నోరు తెరిచాడు.

"హా అను," అంది ఆవిడ.

అతను హా అన్నాడు. ఆవిడ ముక్కు ఎగబీల్చి వాసన చూసి, సరే పోయి పని చూసుకో అన్నట్టు గరిటె ఊపింది. గెడ్డం సగం నెరిసిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఈస్టర్ ముందు నుంచి రోజూ పొద్దున్నే ఇలా నోరు తెరుస్తున్నాడు. ఆ కాసేపూ పోకువా బూడిదకేసి చూస్తూ కూర్చుంటుంది. బూడిదలో ఏముంటుంది చూడ్డానికి?

ఏముందో ఆమెకి తెలుసు. ఈస్టర్ ముందు ఒక మధ్యాహ్నం, పాక నిండా జనం ఉన్నప్పుడు, రోకలి ఆమె వేళ్ళ మీద పడింది. రెండు గోళ్ళు చితికి పిండిలో నెత్తురు కలిసింది. తింటున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. అప్పుడు ఆమె నోట్లోంచి, తను అనుకునేలోగానే, ఒక మాట వచ్చేసింది. "తాగొచ్చి దంచుతావుట్రా! నా చెయ్యి తీసేస్తావా?" అని అరిచింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. అంపొన్సా దగ్గర సారా వాసన ఆ రోజు ఎవరికీ రాలేదు. అయినా అతని తండ్రి తాగి తాగి పోయినవాడు, అతనూ కుర్రతనంలో తాగి, బాప్తిస్మం పుచ్చుకున్నాక మానినవాడు. అలాంటివాడి మీద ఆ మాట అంటుకోవడానికి వాసన అక్కర్లేదు. అతను రోకలి కింద పెట్టి ఆమె మొహంలోకి చూశాడు. పొరపాటైంది అక్కా అన్నాడు. అంతే.

అతను చర్చిలో పెద్ద డప్పు వాయించేవాడు. ఆ తరవాత వచ్చిన ఆదివారం పాస్టరు గారు అతన్ని వెనక బల్ల మీద కూర్చోమన్నారు, డప్పు ఇంకొకడికి ఇచ్చారు. పోకువాది కూడా అదే చర్చి. పాటల వేళ అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే ఆమె కూడా కొట్టింది, కుడిచెయ్యి ఎడమచేతిని వెతుక్కుంటూ ఒక్కోసారి గాలిలోనే ఉండిపోయింది.

గోళ్ళు మానకముందే ఆమె రెండూళ్ళ అవతల, తనని ఎవరూ గుర్తుపట్టని ఒక ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి నర్సు పడుచుపిల్ల. ముక్కు ముట్టుకోమంది, తన వేలు ముట్టుకోమంది, మళ్ళీ ముక్కు ముట్టుకోమంది. పోకువా వేలు ముక్కుకి బదులు చెంపకి తగిలింది. జబ్బు చేతిది కాదమ్మా, తలది, తల పంపిన కబురు చేతికి ఆలస్యంగా చేరుతోంది అని ఆ పిల్ల నెమ్మదిగా చెప్పింది. లోపల ఎక్కడో సన్నటి రక్తనాళం పూడింది, కుమాసి పెద్దాసుపత్రికి వెళ్ళు, వెళ్ళకపోతే ఇంకోసారి పెద్దదే రావచ్చు అంది.

"నా చెయ్యి ఏనాడు నా తలని అడిగి కదిలిందే పిల్లా?" అంది పోకువా.

నర్సు నవ్వింది. అడగనట్టు ఉండేదాకా నేర్పింది కూడా తలేనమ్మా అంది. మాత్రలిచ్చింది. పోకువా మాత్రలు మింగింది గానీ కుమాసి వెళ్ళలేదు. వెళితే పనికి రానందుకు కారణం చెప్పాలి. కారణం చెబితే ఆ రోజు రోకలి ఎందుకు పడిందో కూడా చెప్పాలి. రోలు తప్ప ఆమెకి ఇంకేముంది? మొగుడు పోయాడు, కూతురు ఒబువాసిలో తన సంసారం తను చూసుకుంటోంది. ఊళ్ళో ఆమెకి ఉన్న పేరంతా ఆ చేతిదే. 'పోకువా తిప్పిన ఫుఫు గొంతులో దిగినట్టే తెలీదు' అని లారీ డ్రైవర్లు పక్క ఊళ్ళలో కూడా చెప్పుకుంటారు. ఆ మాట పోగొట్టుకోవడం ఇష్టం లేక ఒక మనిషి పేరు పోనిచ్చింది. ఇది ఆమె తనకి తాను రోజూ చెప్పుకునేదే. చెప్పుకుని, సిగ్గుతో చచ్చి, మర్నాడు మళ్ళీ బూడిదకేసి చూసేది.

మొదటి రోలు మొదలైంది. పోకువా కర్రపెండలం ముక్కలు వేసింది. అంపొన్సా చేతుల్లో ఉమ్మేసుకుని రోకలి ఎత్తాడు. పోకువా పీట మీద సర్దుకుని, ఎడమచేతిని మోకాలి మీద పెట్టుకుంది. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

దాన్ని అక్కడ కూర్చోబెట్టింది వాళ్ళ అమ్మమ్మ. పోకువా పుట్టుకతో ఎడమచేతివాటం పిల్ల. ఎడమచేత్తో ఇస్తే తిట్టినట్టు, ఎడమచేత్తో దారి చూపిస్తే అవమానించినట్టు, ఇక ఎడమచేత్తో ఎదుటివాళ్ళ తిండి ముట్టుకుంటే అడగనే అక్కర్లేదు. దొడ్డికి పోయి కడుక్కునే చెయ్యి అది. అమ్మమ్మ ఆ చేతికి మిరపకాయ రాసింది, గుడ్డతో నడుముకి కట్టేసింది. కుడిచేత్తో తిన్న రోజున నెత్తిమీద ముద్దు పెట్టింది. అలా ఒక వాన కాలం, ఒక ఎండ కాలం గడిచేసరికి ఎడమచెయ్యి ఓడిపోయింది.

తరవాత అదే అమ్మమ్మ రోలు దగ్గర కూర్చోబెట్టింది. రోకలి వైపు చూడకే అని చెప్పింది. చూస్తే భయం వేస్తుంది, భయం వేస్తే చెయ్యి ఆగుతుంది, ఆగితే పోతుంది. చప్పుడు విను, దంచేవాడి ఊపిరి విను, నీ చేతిని దాని పనికి వదిలెయ్. మొదట్లో వేళ్ళు వాచేవి, ఏడ్చేది. ఎప్పుడు వాపు మానిందో ఆమెకి గుర్తు లేదు. ఒక రోజు పక్కింటి పిల్లతో పోట్లాడుతూ ఫుఫు తిప్పుతున్నాననీ, చెయ్యి రోట్లోకి వెళ్ళి వస్తున్న సంగతే తనకి పట్టలేదనీ గమనించింది. అప్పటి నుంచీ ఆమె రోలు దగ్గర కూర్చుని ఊరందరి గొడవలూ మాట్లాడింది, పెళ్ళిళ్ళు కుదిర్చింది, కునికిపాట్లు కూడా పడింది. చెయ్యి తన దారిన తను పోయి వచ్చేది.

దభ్ అని రోకలి, చప్ అని అరచెయ్యి. దభ్, చప్, దభ్, చప్. అడ్డాలో లారీ ఆగగానే డ్రైవరుకి ముందు వినపడేది ఇదే. ఆ పొద్దున పోకువా మాట్లాడకుండా, ఊరికే చెవి పెట్టి కూర్చుంది. ఎన్నో ఏళ్ళుగా వినని మనిషి ఆ పూట విన్నది.

దభ్, చప్, తరవాత ఒక వెలితి. అప్పుడు దభ్.

ఆ వెలితి ఏమిటో ముందు ఆమెకి అర్థం కాలేదు. పరీక్షగా చూసింది. కుడిచెయ్యి ముద్దని మడుస్తూ, బద్ధకంగా, ఇంకా రోట్లోనే ఉంది. పైన అంపొన్సా రోకలి ఎత్తిపట్టుకుని ఆగి ఉన్నాడు. అతని భుజాలు వణుకుతున్నాయి. అంత బరువు గాలిలో ఆపడం దంచడం కన్నా కష్టం. ఆమె చెయ్యి బయటికి వచ్చాక అప్పుడు దించాడు. ఆమె నమ్మలేక ఈసారి కావాలనే చేతిని ఇంకాసేపు ఉంచేసింది. రోకలి అంతసేపూ ఆగింది.

అతనికి తెలుసు. తెలిసి ఎన్నాళ్ళయిందో, రోజూ నోరు తెరిచి హా అని, వచ్చి, ఆమె చెయ్యి కోసం ఇలా భుజాలు పడిపోయేలా ఆగుతున్నాడు. తిప్పేదాని కోసం రోకలి ఆగడమంటే అంతకన్నా అప్రతిష్ఠ లేదు. పోకువాకి మొహం కాలిపోయినట్టయింది. లేచి వెళ్ళిపోదామనుకుంది. లేవలేదు. ముక్కలు అందించి, నీళ్ళు చిలకరించి, బుద్ధిమంతురాలిలా తిప్పుతూనే ఉంది. ఇది ఇంకా సిగ్గుచేటని ఆమెకి తెలుసు.

మధ్యాహ్నానికి పాక నిండింది. అడ్డా డ్రైవర్లు, బడి మేస్టరు, కోకో మూటలు మోసేవాళ్ళు, అందరూ చేతులు కడుక్కుని మట్టిమూకుళ్ళ ముందు కూర్చున్నారు. ఎదర బల్ల బొన్సు పెద్దాయనది. ఒకప్పుడు కలప లారీ నడిపాడు, ఇప్పుడు నోరు నడుపుతున్నాడు. ఫుఫుని మేక మాంసం పులుసులో ముంచి, నమలకుండా మింగి, కళ్ళు మూసుకుని, ఆ దిగడాన్ని అనుభవించడం ఆయన రోజువారీ పూజ. ఆ రోజు ముద్ద చేతిలో పట్టుకుని చెవి పక్కకి వంచాడు.

"దుఫమ్మా, మీ రోలు కుంటుతోందే! ఏరా అంపొన్సా, పొద్దున్నే పట్టించావా? లేక రాత్రిది ఇంకా దిగలేదా?" అన్నాడు.

పాకంతా నవ్వింది. మూటలవాడొకడు, ఒక చుక్క మాక్కూడా ఉంచరా తమ్ముడూ అని అందుకున్నాడు. అంపొన్సా చెమట తుడుచుకున్నాడు. దుఫీ అమ్మ గరిటె కింద పెట్టి, తాళాలగుత్తి సర్దుకుంటూ రోలు దగ్గరికి వచ్చింది. ఆవిడకి నోరే గాని మనసు చెడ్డది కాదు. అందుకే గొంతు తగ్గించి చెప్పింది. శుక్రవారం నుంచి మా చెల్లెలి కొడుకు వస్తాడు నాయనా, నువ్వు ఇంకోచోట చూసుకో, రోజూ వాసన చూళ్ళేక చస్తున్నాను అంది. గొంతు తగ్గించినా అందరికీ వినపడింది.

ఇప్పుడు చెప్పాలి. పోకువా నాలుక పైకి లేచింది. చెబితే శుక్రవారం నుంచి ఈ పీట మీద ఇంకెవరో కూర్చుంటారు. చెప్పకపోతే అతను వెళతాడు, తాగుబోతన్న పేరుతో వెళతాడు, ఇంకో పాకలో ఎవరూ చేర్చుకోరు. కొత్త కుర్రాడు వస్తాడు, వాడి రోకలి ఆగదు. ఇంత ఆలోచన క్షణంలో అయింది గాని నోరు కదల్లేదు. చెయ్యే అనుకుంది, నోరు కూడా ఆలస్యమే.

అంపొన్సా అలాగే అమ్మా అన్నాడు. ఆవిడకేసి చూడలేదు, పోకువాకేసీ చూడలేదు. రోకలి ఎత్తాడు. ఈసారి దభ్ అన్న చప్పుడు గట్టిగా వచ్చింది. అవమానం మోసేవాడికి ఎంతకాలం గుర్తుంటుంది, ఆగాలని? ఒక పోటు, రెండో పోటు, మూడో పోటు. పాత నడకలోనే, ఎన్నో ఏళ్ళుగా అలవాటైన నడకలోనే అతని భుజాలు వెళ్ళిపోయాయి. ఆగడం మరిచిపోయాడు.

కుడిచెయ్యి రోట్లో ఉంది. ముద్ద కింద వేళ్ళు పెట్టి అలాగే ఉంది. పోకువాకి రోకలి దిగుతున్న గాలి తగిలింది. రా అంది చేతిని. రాలేదు.

మోకాలి మీది ఎడమచెయ్యి లేచింది. ఆమె చెప్పలేదు, అనుకోలేదు. అది రోట్లోకి దూకి, కుడి మణికట్టుని ఒక్క తోపు తోసి, అదే ఊపులో ముద్దని మడిచి, తిప్పి, బయటికి వచ్చేసింది. రోకలి ముద్ద మీద పడింది. చప్పుడులో వెలితి లేదు. రోకలి మళ్ళీ లేచేసరికి ఎడమచెయ్యి మళ్ళీ లోపలికి వెళ్ళి, తడిపి, తిప్పి వచ్చింది. ఇంకోసారి. అప్పుడు గాని పోకువాకి తెలివి రాలేదు. పిండి అంటిన ఎడమచేతిని, అది తనది కానట్టు, మొహం ముందు పట్టుకుని చూసింది.

ఎవరైనా తిట్టినా బాగుండేది. మేస్టరు మింగబోతున్న ముద్దని మూకుట్లో వదిలేశాడు. బొన్సు పెద్దాయన తన మూకుణ్ణి వేలితో అవతలికి తోసేశాడు, ఆయన తింటున్నది అంతకుముందు రోలుది అయినా సరే. దుఫీ అమ్మ నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది.

"నాదే తప్పు," అన్నాడు అంపొన్సా. "నేను తొందరపడ్డాను. అక్క ఏం చేస్తుంది?"

"చెప్పలా?" అన్నాడు పెద్దాయన పక్కవాడితో. "తాగినవాడికి రోకలిస్తే ఇంతే."

పోకువా లేచి నిలబడింది. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది, ఎడమచెయ్యి నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఈసారి మాట వచ్చింది.

"రోకలిది తప్పు లేదు. రోకలెప్పుడూ వేళకే వచ్చింది. నా చెయ్యి రావట్లేదు. ఆ రోజూ అంతే. వీడు తాగలేదు. తాగాడని నేనే అబద్ధం చెప్పాను."

"మరి రోజూ నేను వాసన చూస్తుంటే?" అంది దుఫీ అమ్మ.

"చూస్తూ కూర్చున్నాను," అంది పోకువా.

ఎవరూ ఆమెకేసి చూడలేదు, అందరూ మూకుళ్ళకేసి చూసుకున్నారు. ఆ చూపులు ఆమె చూపులే, ఇన్నాళ్ళూ బూడిదకేసి చూసినవి. పెద్దాయన చేతులు కడుక్కుని, గొణుక్కుంటూ, పక్క అంగట్లో మొక్కజొన్న కెంకే ముద్ద కొనుక్కోడానికి లేచాడు. ఆయన వెనకే ఒకరొకరూ లేచారు. దుఫీ అమ్మ ఆ రోట్లోది మేకలకి పెట్టెయ్యమని చెప్పి, లోపలికి వెళ్ళి కూర్చుండిపోయింది. పాక ఖాళీ అయింది.

పోకువా నీళ్ళబాన దగ్గరికి నడిచింది. వెనకనుంచి అంపొన్సా పిలిచాడు.

"అక్కా, కూర్చో. సగం దంచిన ఫుఫు మేకలు కూడా తినవు."

ఆమె తల అడ్డంగా ఊపింది. సిగ్గుగా ఉందిరా అంది.

"నాకు మాత్రం లేదా? అంతమంది ముందు రోజూ నోరు తెరిచాను. కూర్చో. ఎడమదే పెట్టు."

ఆమె వచ్చి పీట మీద కూర్చుంది. తల ఎత్తకుండా, ఎప్పటినుంచి తెలుసని అడిగింది. వానలు మొదలవక ముందు నుంచీ తెలుసన్నాడు. పట్టుకున్నవాడికి రోకలే చెబుతుందన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావని చూశాను," అన్నాడు అంపొన్సా.

అతని గొంతులో కోపం లేదు. ఉంటే ఆమెకి భరించడం తేలికయ్యేది. రోట్లో ముద్దకేసి చూస్తూ ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే ఎడమచేతిని నీళ్ళలో ముంచింది. అతను రోకలి ఎత్తాడు.

దభ్, చప్. దభ్, చప్. ఒక్క పోటు కూడా ఆగలేదు. కుడిచెయ్యి ఒళ్ళో పడుకుని ఉంది. ఎడమచెయ్యి ఎవరూ నేర్పని పనిని ఏళ్ళ తరబడి చేసినదానిలా చేసుకుపోతోంది. అంచుల్లో పేరుకున్న పిండిని వేళ్ళ కొసలతో గీరి లోపలికి తెచ్చింది, గడ్డలుంటే నొక్కి చూసి రోకలి కిందికి తోసింది. పోకువా దాన్ని చూసి ఆశ్చర్యపోవడం కూడా మానేసి, దానికే వదిలేసింది.

"ఆ చెయ్యి ఇన్నాళ్ళూ ఊరికే కూర్చోలేదక్కా," అన్నాడు అంపొన్సా ఊపిరి మధ్యలో. "చూస్తూ కూర్చుంది."

అడ్డాలో కొత్తగా వచ్చి ఆగిన లారీ డ్రైవరొకడు ఆ చప్పుడు విని, సంగతి తెలీక, ఆకలిగా పాక వైపు వచ్చాడట. పక్క అంగడివాళ్ళు చెయ్యి పట్టుకుని ఆపి చెవిలో చెప్పారు. వాడు మొహం చిట్లించి వెళ్ళిపోయాడు. ఆ చప్పుడు మాత్రం వీధి చివరిదాకా వినపడుతూనే ఉంది. ఆమె జీవితంలో అంత నున్నటి ఫుఫు తిప్పిందో లేదో తెలీదు. తినేవాడు లేడు.

అయ్యాక ముద్దని మట్టిమూకుట్లోకి తీసింది. నీళ్ళతో తడిపి, గుండ్రంగా చేసి, అలవాటు కొద్దీ పైన అరచేత్తో, ఈసారి ఎడమదానితో, ఒకసారి తట్టింది. అది తీసుకెళ్ళి మేకలకి పెట్టు అంది. అతను పెడతాలే అని గోడ మీద పెట్టాడు. ఆమె చేతులు రెండూ కడుక్కుంది. తల తిరుగుతోంది, కాసేపు నడుం వాలుస్తాను అని పాక వెనక బల్ల మీదకి వెళ్ళింది.

సాయంకాలం దుఫీ అమ్మ కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చింది. చెల్లెలి కొడుకుని రావద్దంటానని అంపొన్సాతో చెప్పింది. రేపటి నుంచి తన ముందు నోరు తెరవొద్దంది, తనూ ఆదివారం వచ్చి పాస్టరు గారితో మాట్లాడతానంది. తరవాత, పోకువాని పోనివ్వనని, ఉల్లిపాయలు ఒలుచుకుంటూ పడి ఉంటుందని, ఆ సంగతి నువ్వే చెప్పు, నాకు మొహం చెల్లడం లేదని అంది.

అంపొన్సా పాక వెనక్కి వెళ్ళాడు. పోకువా బల్ల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తలగుడ్డ కొంచెం పక్కకి జారింది. నోరు ఒక వైపుకి ఒరిగింది. ఎడమచెయ్యి కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని ఉంది. అతను అక్కా అని పిలిచాడు. దుఫీ అమ్మ ఉండమంది అని చెప్పాడు. ఇంకోసారి, గట్టిగా, అదే చెప్పాడు. తరవాత వంగి ఆమె మొహం దగ్గర మొహం పెట్టి, ఊపిరి కోసం చూశాడు.

జనం వచ్చారు, ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు, ఆమెని చాప మీద పడుకోబెట్టి లోపలికి మోసుకెళ్ళారు. బొన్సు పెద్దాయన కూడా వచ్చి చెప్పులు విడిచి వాకిట్లో నిలబడ్డాడు. ఒబువాసికి కబురు వెళ్ళింది. మేకలకి పెట్టే సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గోడ మీది మట్టిమూకుట్లో ఆ ముద్ద అలాగే ఉంది, పై పొర ఎండి బిగుసుకుంది, దాని మీద అయిదు వేళ్ళ గుర్తులున్నాయి, బొటనవేలిది కుడి పక్కన.